స్లాష్ కాడ లైన్ ఇరిగింది, లాప్‌టాప్ ఆగమైంది

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్ మా ఇంట్ల మా నాయిన కాలం సంది వస్తున్నది, ఇప్పుడు షాపుకు గూడ ఒకటి వేయించుకుంటున్న. ఆదివారం పేజీల వచ్చే కంప్యూటర్ చిట్కాల కాలమ్ గురించి ఈ ఉత్తరం. తిట్టాలని రాస్తలేను గని జెర గట్టిగనే రాస్తున్న, ఎందుకంటే ఆ కాలమ్ చూసి కమాండ్ కొట్టిన ఒక పిల్లగాని లాప్‌టాప్ నా టేబుల్ మీదికి వచ్చింది. ఆ పిల్లగాడు సొంత తెలివి ఏం వాడలేదు, పేపర్ల ఎట్ల అచ్చయిందో అట్లనే కొట్టిండు, అదే అసలు పరేషాన్.

నాది నల్లగొండల గడియారం సెంటర్ దగ్గర్ల చిన్న రిపేర్ షాపు. వచ్చేటియి ఎక్కువ విండోస్ మిషన్లే గని ఈ మధ్య ఇంజినీరింగ్, ఎంసీఏ పిల్లలు విండోస్ బదులు ఉబుంటు (లినక్స్‌ల ఒక రకం) వేస్కొని తిరుగుతున్నరు, దేవరకొండ మిర్యాలగూడ దిక్కు నుంచి గూడ బస్సెక్కి లాప్‌టాప్ సంచిల పెట్టుకొని వస్తరు. కాబట్టి లినక్స్ చిట్కాలు వేస్తున్నందుకు మీకు థాంక్సే చెప్పాలె, తెలుగు పేపర్లల్ల ఇవి వేసేటోళ్ళు తక్కువ. (కమాండ్లు ఈ ఉత్తరంల తెలుగు అక్షరాలల్లనే రాస్తున్న, కొట్టేటప్పుడు ఇంగ్లీష్‌ల కొట్టుకోన్రి.)

కాలమ్‌ల ఏమొచ్చిందంటే, లినక్స్‌ల ఏదన్న ఫైల్ సేవ్ చేద్దామంటే పర్మిషన్ డినైడ్ అని వస్తే, సుడో సీహెచ్‌ఓన్ (సుడో అంటే పెద్ద అధికారంతోని నడుపు అని, సీహెచ్‌ఓన్ అంటే ఫైల్ ఓనర్‌ను మార్చు అని) కొట్టి, క్యాపిటల్ ఆర్ ఆప్షన్ పెట్టి, మీ యూజర్ పేరు రాసి, ఆ తర్వాత ఫోల్డర్ దారి ఇయ్యాలె, అంతా సెట్ అయిపోతది అని రాసిండ్రు. ఉదాహరణకు ఇచ్చిన ఫోల్డర్ /వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ, అంటే వెబ్‌సైట్ ఫైళ్ళు పెట్టే జాగా. సలహా మీద నాకు వేరే కొట్లాట ఉన్నది, అది తర్వాత చెప్త. ముందు అచ్చు సంగతి. మీ కాలమ్ వెడల్పు తక్కువ గదా, కమాండ్ ఒక్క లైన్ల పట్టక రెండు లైన్లకు ఇరిగింది, ఇరిగితే ఇరిగింది గని సరిగ్గ ఆ మొదటి స్లాష్ కాడనే ఇరిగింది. పై లైన్ చివర్ల ఒంటిగ ఒక స్లాష్, కింది లైన్ల వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ. ఎవరైనా ఏం చేస్తరు, లైన్ మారింది అంటే నడుమ ఖాళీ ఉన్నదనుకుంటరు, పిల్లగాడు స్లాష్ తర్వాత స్పేస్ బార్ కొట్టిండు.

ఆ ఒక్క స్పేస్ తోని అర్థమే మారిపోయింది. సీహెచ్‌ఓన్‌కు ఒక జాగా గాదు రెండు జాగాలు చెప్పినట్టయింది. మొదటిది ఉత్త స్లాష్, అంటే మొత్తం సిస్టమ్, డిస్క్‌ల మొదటి మెట్టు నుంచి ఆఖరి ఫైల్ దాక. రెండోది వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ, ముందు స్లాష్ లేదు కాబట్టి ప్రస్తుతం ఉన్న ఫోల్డర్‌ల ఎతుకుతది, అక్కడ అసొంటిది ఏం లేదు. క్యాపిటల్ ఆర్ అంటే లోపలికి లోపలికి పొయ్యి అన్నిటికీ చెయ్యి అని. దాంతోని మిషన్‌ల రూట్ (సిస్టమ్ మొత్తం మీద అధికారం ఉన్న యూజర్) పేరు మీద ఉన్న ఫైళ్ళు, డేటాబేస్ పేరు మీద ఉన్నయి, ప్రింటర్ సర్వీస్ పేరు మీద ఉన్నయి అన్నీ ఆ పిల్లగాని పేరు మీదికి మారుతనే పోయినయ్. స్క్రీన్ మీద ప్రాక్ ఫోల్డర్ ఫైళ్ళ గురించి ఆపరేషన్ నాట్ పర్మిటెడ్ అని లైన్లు లైన్లు ఉరికినయ్, అవి కెర్నల్ (సిస్టమ్‌ను నడిపే అసలు ప్రోగ్రామ్) అప్పటికప్పుడు చూపించే ఉత్తుత్తి ఫైళ్ళు, వాటికి రూట్ అయినా ఓనర్ మార్చలేడు. చిట్టచివర్ల వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ దొరకలేదు అని ఒక లైన్. పిల్లగాడు ఆ ఆఖరి లైన్ చూసి, ఓహో కమాండ్ పని చెయ్యనట్టున్నది అనుకొని మళ్ళ కొడదామని సుడో అన్నడు, అప్పుడు సుడో చెప్పింది, /యూఎస్ఆర్/బిన్/సుడో ఫైల్‌కు ఓనర్ యూఐడీ (యూజర్ నంబర్) 0 ఉండాలె, అంటే రూట్ ఉండాలె, సెట్‌యూఐడీ బిట్ అనే గుర్తు (దీని సంగతి కింద చెప్త) ఉండాలె అని. ఇగ అక్కడ్నుంచి తలుపు లోపలి నుంచి గడియ పడ్డది.

మీరు అనొచ్చు, ఇంత ప్రమాదం ఉంటే సిస్టమ్ ఆపాలె గదా అని. ఆపదు. తీసేసే కమాండ్ ఆర్‌ఎం ఉన్నది సూడున్రి, దానికి ఉత్త స్లాష్ ఇస్తే ఇప్పటి లినక్స్‌ల ఒప్పుకోదు, ప్రిజర్వ్ రూట్ అనే కాపలా దానికి ముందుగాలనే పెట్టి ఉంటది. సీహెచ్‌ఓన్‌కు గూడ అదే కాపలా ఉన్నది గని అది మనం అడిగితేనే పనిచేస్తది, అడగకపోతే పడుకొని ఉంటది. ఎందుకట్ల పెట్టిండ్రో గని నాకైతే ఇది అన్యాయం అనిపిస్తది, ఫైల్ పోయినా ఓనర్ పోయినా మనిషికి తిప్పలు ఒక్కటే.

ఇప్పుడు అసలు ఓనర్ అంటే ఏందో జెర చెప్పాలె, ఎందుకంటే మీ కాలమ్‌ల ఇది చెప్పకుంటనే మందు రాసిండ్రు. యూనిక్స్‌ల ప్రతి ఫైల్‌కు ఒక ఓనర్, ఒక గ్రూప్ ఉంటది. ఇది కొత్త ముచ్చట గాదు, 1971ల బెల్ ల్యాబ్స్‌ల యూనిక్స్ మొదటి మాన్యువల్ వచ్చినప్పుడే సీహెచ్‌ఓన్ కమాండ్ అందుల ఉన్నది, మనం ఇయ్యాల కొట్టేది అదే. ఫైల్ దగ్గర పేరు రాసి ఉండదు, ఉత్త నంబరే ఉంటది. ఆ నంబర్ ఎవలదో చూసేది /ఈటీసీ/పాస్‌వర్డ్ అనే ఫైల్‌ల (ఇంగ్లీష్‌ల పీఏఎస్ఎస్‌డబ్ల్యూడీ). రూట్‌ది 0. ఉబుంటుల మొదట చేసుకున్న మామూలు యూజర్‌ది 1000. మ్యాక్‌ల అయితే మొదటి యూజర్ 501. డేటాబేసులకు, వెబ్ సర్వర్‌కు, ప్రింటింగ్‌కు కావాలని చిన్న నంబర్లతోని వేరే యూజర్లు ఉంటరు, వాళ్ళు మనుషులు గాదు, లాగిన్ అయ్యెటోళ్ళు గాదు, ఒక్క సర్వీస్‌ను ఎవడన్న లోపలికి చొచ్చి పట్టుకుంటే మిగతా సిస్టమ్ వాని చేతికి దొరకొద్దని పెట్టిన ఏర్పాటు. ఎల్ఎస్ -ఎల్ కొడితే పేర్లు కనిపిస్తయ్, ఎల్ఎస్ -ఎన్ కొడితే అసలు నంబర్లు కనిపిస్తయ్. నేను ఎప్పుడైనా ముందు -ఎన్‌నే కొడుత.

నంబర్ల ముచ్చట ఎందుకు చెప్తున్న అంటే మా షాపుల రోజూ తగిలే కేసు ఒకటున్నది. పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్ ఇప్పి కొత్తదాంట్ల పెడుతరు. పాతదాంట్ల అన్నకు 1000, చెల్లెకు 1001. కొత్తదాంట్ల ముందు చెల్లె అకౌంట్ చేసింది కాబట్టి ఆమెది 1000. ఇగ ఏమైతది, అన్న ఫైళ్ళన్నీ చెల్లె పేరు మీద కనిపిస్తయ్, ఆమె ఫైళ్ళు ఆమెనే తెరవలేదు. కాస్తు చేసేది ఒకలు, పాసుబుక్కుల పేరు ఇంకొకలది అన్నట్టు. ఇక్కడ డిస్క్ ఖరాబు కాలేదు, వైరస్ లేదు, ఫార్మాట్ చేసుడు అసలే అవసరం లేదు. ఫైండ్ కమాండ్‌కు -యూఐడీ 1001 అని చెప్పి ఆ డిస్క్ మౌంట్ అయిన (సిస్టమ్‌కు తగిలిచ్చిన) ఫోల్డర్ వరకే ఎతికిచ్చి దొరికినయి చెల్లెకు మార్చాలె. లేదంటే సీహెచ్‌ఓన్‌ల --ఫ్రమ్ అని ఒక ఆప్షన్ ఉన్నది, ఫలానా ఓనర్ ఉంటేనే మార్చు లేకుంటే ముట్టకు అని, అది చానమందికి తెల్వదు గని బంగారం అసొంటిది. అయితే అన్నయి చెల్లెయి అదలాబదలా చేసేటప్పుడు నడుమ ఎవలకూ లేని నంబర్ ఒకటి పెట్టుకోవాలె, లేకుంటే మొదటి దెబ్బకే ఇద్దరియి కలిసిపోతయ్, ఇగ ఎవలియి ఎవలియో దేవునికే తెలియాలె. ఎవల పేరు మీదా లేని అనాథ నంబర్లు ఉంటే ఫైండ్ -నోయూజర్ అని కొడితే బయటపడుతయ్. ఇంకోటి, పెన్ డ్రైవ్‌లు ఎక్కువ ఫ్యాట్ అనే ఫార్మాట్‌ల ఉంటయ్, దానికి ఈ ఓనర్ రాసుకునే జాగానే ఉండదు, అక్కడ సీహెచ్‌ఓన్ ఎంత కొట్టినా మారదు, మౌంట్ చేసేటప్పుడే యూఐడీ ఇయ్యాలె.

మళ్ళ ఆ పిల్లగాని లాప్‌టాప్ కాడికొస్త. తోటి పిల్లలు ఫోన్‌ల సలహా ఇచ్చిండ్రట, రికవరీ మోడ్‌ల పొయ్యి మొత్తం మళ్ళ రూట్ పేరు మీద రాసేయ్, అయిపోతది అని. కాదు. ఇది రెండో దెబ్బ అయితది. ఎందుకంటే మొత్తం రూట్‌వే గాదు గదా, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ఉంటే దాని డేటా ఫోల్డర్ మైఎస్‌క్యూఎల్ యూజర్‌దే ఉండాలె, పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్ అయితే తన డేటా ఫోల్డర్ ఓనర్ తను కాకపోతే స్టార్ట్ కానే కాదు, పిల్లగాని హోమ్ ఫోల్డర్ పిల్లగానిదే ఉండాలె. అంతకంటే పెద్ద లొల్లి సెట్‌యూఐడీ. సుడో, ఎస్‌యూ (వేరే యూజర్‌గ మారే ప్రోగ్రామ్), పాస్‌వర్డ్ మార్చే ప్రోగ్రామ్ ఇవన్నీ ఎవలు నడిపినా ఓనర్ అధికారంతోని నడుస్తయ్, అందుకే వాటి పర్మిషన్ 755 గాదు 4755, ఆ ముందున్న 4 ఏ సెట్‌యూఐడీ గుర్తు. లినక్స్ కెర్నల్ ఏం చేస్తదంటే ఓనర్ మారిన వెంటనే ఆ 4ను తీసేస్తది. భద్రత కోసమే, ఎవలిదో ప్రోగ్రామ్ ఆ గుర్తుతోని సహా ఇంకొకల పేరు మీదికి మారితే వాళ్ళ అధికారం దానికి దొరుకుతది. అంటే పిల్లగాడు ఒకసారి కొట్టిన కమాండ్‌కే ఆ బిట్లు అన్నీ ఊడిపోయినయ్, మళ్ళ రూట్‌కు రాసినా తిరిగిరావు. ఓనర్ రూట్ అని కనిపిస్తది, అయినా సుడో పనిచెయ్యదు, మనిషి తల పట్టుకుంటడు. కొన్ని రకాల లినక్స్‌లల్ల పింగ్ (నెట్‌వర్క్ చూసే కమాండ్) అసొంటియాటికి కేపబిలిటీ అని వేరే తీరు అధికారం ఇస్తరు, అదిగూడ ఓనర్ మారితే పోతది.

ఒక మంచి ఏమైందంటే కాలమ్‌ల కోలన్ పెట్టి గ్రూప్ రాయలేదు, ఉత్త యూజర్ పేరే రాసిండ్రు. కాబట్టి ఓనర్లు మారినయ్ గని గ్రూపులు ఎట్లున్నయో అట్లనే ఉన్నయ్. ఇది పెద్ద ఆసరా. ఎల్ఎస్ -ఎల్ కొడితే మొదటి పేరు అంతటా పిల్లగానిదే, రెండో పేరు మాత్రం ఒక్కోకాడ ఒక్కోటి, ఒకకాడ మైఎస్‌క్యూఎల్, ఒకకాడ ఎల్‌పీ, ఒకకాడ షాడో. ఆ రెండో పేరు చూసి మొదటిది ఏముండెనో చానవరకు పట్టుకోవచ్చు. కండ్లు మూసుకొని గాదు మళ్ళ, /ఈటీసీ/షాడోకు గ్రూప్ షాడో ఉంటది గని ఓనర్ రూటే, సిస్‌లాగ్ ఫైల్‌కు గ్రూప్ ఏడీఎం ఉంటది ఓనర్ సిస్‌లాగ్. తెలిసినోడు పక్కన అదే వెర్షన్ ఉన్న మంచి మిషన్ ఇంకోటి పెట్టుకొని చూసుకుంట పోవాలె.

నేను ముందే చెప్పిన, ఫార్మాట్ చేసి కొత్తగ వేసుకునుడే తక్కువ పని బాబూ అని. ఇది నా పక్కా అభిప్రాయం, మొత్తం స్లాష్ మీద సీహెచ్‌ఓన్ నడిచిన లాప్‌టాప్‌ను పూర్తిగ బాగు చేసుడుకు కూసునుడు దండుగ, ఏదో ఒక మూల ఏదో ఒకటి మిగులుతది, మూడు నెలలకు బయటపడుతది. అయితే ఆ పిల్లగాని ప్రాజెక్ట్ డేటాబేస్ లోపల ఉన్నది, కాపీ ఇంకేడ లేదు. ఫోల్డర్ ఎత్తి కాపీ చేసుకుంటే నడవచ్చు నడవకపోవచ్చు, పద్ధతి ఏందంటే డేటాబేస్‌ను నడిపిచ్చి డంప్ (మొత్తం డేటా ఒక ఫైల్‌ల కాపీ) తీసుకోవాలె. కాబట్టి అంతవరకే బాగు చేసినం. ఆన్ చేసేటప్పుడు ఎస్కేప్ నొక్కి (పాత మిషన్లయితే షిఫ్ట్ పట్టుకోవాలె) గ్రబ్ అనే స్టార్టింగ్ మెనూల అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందుల రికవరీ మోడ్, అందుల రూట్ షెల్ (రూట్‌గ కమాండ్లు కొట్టే స్క్రీన్). అక్కడ సుడో అవసరమే లేదు, ఇప్పటికే రూట్. డిస్క్ రాసే తీరుగ రీమౌంట్ చేసినం. ముందుగాల పైన ఉన్న ఫోల్డర్లు, అంటే స్లాష్, /యూఎస్ఆర్, /ఈటీసీ, /వార్ ఇట్లాంటియి, ఒక్కొక్కటి -ఆర్ లేకుంట రూట్‌కు మార్చినం. ఇది ఎందుకు ముందు అంటే స్లాష్ ఓనరే రూట్ కాకపోతే సిస్టమ్‌డీ (సర్వీసులను లేపే ప్రోగ్రామ్) తాత్కాలిక ఫైళ్ళు తయారు చేసేటప్పుడు దారి నమ్మకంగ లేదు, అన్‌సేఫ్ పాత్ అని మొండికేస్తది, సర్వీసులు లేవనే లేవయ్. తర్వాత /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్ ఒక్కదాన్ని మైఎస్‌క్యూఎల్ యూజర్, మైఎస్‌క్యూఎల్ గ్రూప్‌కు లోపలిదాక మార్చినం, లాగ్ ఫోల్డర్ గూడ. సర్వీస్ లేసింది. డంప్ పెన్ డ్రైవ్‌లకు తీసుకున్నం, హోమ్ ఫోల్డర్ కాపీ కొట్టినం, ఇగ ఫార్మాట్. పిల్లగాని మొఖంల అప్పుడు రంగొచ్చింది.

సర్వర్ అయితే ఫార్మాట్ అనుడు అంత అల్కగ కాదు, వాళ్ళ కోసం రెండు ముక్కలు. రెడ్ హ్యాట్, ఫెడోరా, రాకీ ఈ జాతి లినక్స్ సిస్టమ్‌లల్ల ఆర్‌పీఎం (ప్యాకేజీలు, అంటే ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ చేసేది) డేటాబేస్ దగ్గర ఏ ఫైల్‌కు ఓనర్ ఎవలు, పర్మిషన్ ఏందో రాసి ఉంటది. ఆర్‌పీఎం --సెట్‌యూజీఐడీస్ -ఏ అని కొడితే ఓనర్లు, --సెట్‌పెర్మ్స్ -ఏ అని కొడితే పర్మిషన్లు ప్యాకేజీల ఎట్లుండెనో అట్ల పెడుతది. వరుస మాత్రం ఇదే ఉండాలె, ఓనర్లు ముందు పర్మిషన్లు తర్వాత. ఉల్టా చేస్తే పైన చెప్పినట్టు ఓనర్ మారినప్పుడు సెట్‌యూఐడీ మళ్ళ ఊడుతది, చేసినదంతా గంగల కలుస్తది. ఉబుంటు, డెబియన్‌లల్ల ఆ సౌలత్ లేదు, అక్కడ ఆ పని చేసే డీపీకేజీ దగ్గర ఓనర్ల లెక్క ఉండదు, ప్యాకేజీలు మళ్ళ ఇన్‌స్టాల్ చేసుకోవాలె, దాంతోని ప్రోగ్రామ్ ఫైళ్ళు సరిగ్గొస్తయ్ గని ముందే ఉన్న ఫోల్డర్లు, /ఈటీసీల సెట్టింగ్ ఫైళ్ళు, /వార్ లోపల నడుస్తుండంగ పుట్టిన డేటా, ఇవి చేత్తోని చూసుకోవాల్సిందే. అందుకని సర్వర్ చూసుకునేటోళ్ళు మంచిగున్నప్పుడే గెట్‌ఎఫ్‌ఏసీఎల్ -ఆర్ తోని మొత్తం లెక్క ఒక ఫైల్‌ల దాచి పెట్టుకుంటే, ఆగమైన నాడు సెట్‌ఎఫ్‌ఏసీఎల్ --రిస్టోర్ అని ఇస్తే ఓనర్, గ్రూప్, పర్మిషన్లు తిరిగి పెట్టేస్తది, రూట్‌గ నడపాలె గంతే. మ్యాక్ వాడేటోళ్ళకు ఒకప్పుడు డిస్క్ యుటిలిటీల రిపేర్ పర్మిషన్స్ అని బటన్ ఉండె, ప్రతిదానికి అదే నొక్కెటోళ్ళు, 2015ల ఎల్ క్యాపిటన్ తోని తీసేసిండ్రు, సిస్టమ్ ఫైళ్ళను ఇగ రూట్ గూడ ముట్టకుంట తాళం వేసిండ్రు.

ఇప్పుడు సలహా మీద నా కొట్లాట. స్లాష్ ఇరగకపోయినా, కమాండ్ సాఫుగ అచ్చయినా, పర్మిషన్ డినైడ్ వచ్చిన ప్రతిసారి ఓనర్ మార్చేయ్ అనుడు తప్పు. ముందు ఎవలది ఉన్నది, ఎవలది ఉండాలె అని చూడాలె. ఎల్ఎస్ -ఎల్‌డీ అని ఫోల్డర్ పేరు ఇస్తే ఒక్క లైన్ల తెలుస్తది. అది చూడకుంట మార్చుడు అంటే లేని రోగానికి మందు ఏసినట్టే. వెబ్‌సైట్ ఫోల్డర్ సంగతే తీసుకోన్రి. ఓనర్ మన పేరు, గ్రూప్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా (వెబ్ సర్వర్ గ్రూప్) పెట్టి, మనం రాసేటట్టు, వెబ్ సర్వర్ చదివేటట్టు ఉంటే సరిపోతది, అప్‌లోడ్ అయ్యే ఒక్క ఫోల్డర్‌కే సర్వర్‌కు రాసే హక్కు. ఇద్దరు ముగ్గురు కలిసి పని చేస్తే ఫోల్డర్‌కు 2775 ఇస్తే కొత్తగ పుట్టే ఫైళ్ళకు గ్రూప్ దానంతటదే అదే వస్తది. మనల్ని గ్రూప్‌ల కలపాలంటే యూజర్‌మోడ్ -ఏజీ, ఆ ఏ మరవొద్దు, ఏ లేకుంటే మిగతా గ్రూపులల్లకెళ్ళి పేరు తీసేస్తది, సుడో గ్రూప్ గూడ అందుల పోతది, ఇగ మళ్ళ నా షాపే. కలిపినంక లాగౌట్ అయి లాగిన్ అయితేనే పట్టుకుంటది.

ఇంకా ఘోరం 777. మీ కాలమ్‌ల ఇంకా రాలేదు గని వస్తదేమో అని ముందే చెప్తున్న. సీహెచ్‌మోడ్ అంటే పర్మిషన్లు మార్చే కమాండ్, సీహెచ్‌మోడ్ 777 అంటే ఆ మిషన్‌ల ఉన్న ప్రతి యూజర్, ప్రతి సర్వీస్ అందుల రాయొచ్చు చెరపొచ్చు అని. తప్పు ఓనర్‌ది అయినప్పుడు పర్మిషన్ తెరిస్తే ఆ నిమిషానికి పని నడుస్తది, రోగం లోపలనే ఉంటది. దూరం నుంచి సర్వర్‌లకు లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ అయితే ఇంకా తెలివైంది, మీ హోమ్ ఫోల్డర్ గని కీ ఫైల్ (పాస్‌వర్డ్ బదులు వాడే తాళంచెవి ఫైల్) గని ఇంకొకలు రాసే తీరుగ ఉన్నా, వేరే ఓనర్ పేరు మీద ఉన్నా, కీ తోని లాగిన్‌నే ఒప్పుకోదు. బాగయితదని 777 కొట్టినోడు దూరం నుంచి సర్వర్‌లకు పోలేక బయట నిలబడుతడు. సీహెచ్‌మోడ్‌ల ఇంకో మెలిక, అక్కడ చిన్న ఆర్‌కు మైనస్ పెడితే లోపలిదాక అని గాదు, చదివే హక్కు తీసేయ్ అని. క్యాపిటల్, చిన్న అచ్చుల తేడా పడితే ఏమైతదో మీరే ఊహించుకోన్రి.

పిల్లలకు నిజంగ రోజూ వచ్చే తిప్పలు ఇంత పెద్దయి గాదు, సుడో అలవాటు తోని వచ్చేటియి. గ్రాఫికల్ ప్రోగ్రామ్‌ను సుడోతోని తెరుస్తరు, హోమ్ ఫోల్డర్‌ల ఎక్స్‌అథారిటీ అనే దాపుడు ఫైల్ (స్క్రీన్ తెరిచే హక్కు రాసుకునేది) రూట్ పేరు మీదికి పోతది. తెల్లారి లాగిన్ స్క్రీన్‌ల పాస్‌వర్డ్ కొడితే స్క్రీన్ ఒకసారి నల్లగయ్యి మళ్ళ లాగిన్‌కే వస్తది, ఎన్నిసార్లు కొట్టినా అంతే. పాస్‌వర్డ్ మర్చిపోయిన అనుకుంటరు. కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 కొట్టి నల్ల స్క్రీన్‌ల లాగిన్ అయ్యి ఆ ఒక్క ఫైల్ ఓనర్ మార్చుకుంటే అయిపోయే పని, దీనికి ఫార్మాట్ చేసి పైసలు తీసుకునే షాపులు గూడ ఉన్నయ్, పేర్లెందుకు. ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దించేది) ఒకసారి సుడోతోని, ఒకసారి ఉత్తగ నడిపితే దాని క్యాష్ ఫోల్డర్‌ల రూట్ ఫైళ్ళు చేరుతయ్. గిట్‌ల (ప్రోగ్రామ్ కోడ్ మార్పులు దాచేది) అంతే, ఒక్కసారి సుడో గిట్ పుల్ కొట్టినా లోపలి ఫైళ్ళు కొన్ని రూట్‌వి అయితయ్, తర్వాత కమిట్ (మార్పు సేవ్) గాదు. 2022 నుంచి గిట్ ఇంకో మాట గూడ అంటున్నది, రిపోజిటరీ (కోడ్ ఫోల్డర్) ఓనర్ నువ్వు గాదు, డూబియస్ ఓనర్‌షిప్, అంటే ఓనర్ మీద అనుమానం ఉన్నది అని. అది చూసి చానమంది సేఫ్ డైరెక్టరీ అనే సెట్టింగ్‌ల నక్షత్రం గుర్తు (అన్ని ఫోల్డర్లూ సరే అని) పెట్టి నోరు మూయిస్తరు. నోరు మూయించుడు కాదు, ఓనర్ ఎందుకు వేరే ఉన్నదో చూడున్రి. ఇవన్నిటికీ ఒక్కటే పద్ధతి, హోమ్ ఫోల్డర్‌ల ఫైండ్ తోని నా పేరు మీద లేనియి ఏమున్నయో ముందు లిస్ట్ తీసుకోవాలె, ఆ లిస్ట్ కండ్లతోని చదవాలె, అప్పుడు వాటికే మార్చాలె.

మీ వంతు ఏం చెయ్యాలె అంటే, కమాండ్ ఉన్న కాడ కాలమ్ వెడల్పు చూడకుంట పేజీ అడ్డంగ ఒక డబ్బా కట్టి ఒక్కటే లైన్ల అచ్చెయ్యున్రి. పట్టకపోతే అక్షరం సైజ్ తగ్గియ్యున్రి గని స్లాష్ కాడ మాత్రం ఇరగ్గొట్టొద్దు, హైఫన్ పెట్టి అసలే ఇరగ్గొట్టొద్దు, హైఫన్‌ను ఆప్షన్ అనుకుంటరు. స్పేస్ ఉన్న కాడ ఏదన్న చిన్న గుర్తు పెట్టినా మంచిదే. సుడోతోని మొదలయ్యే కమాండ్ ఏదున్నా అది ఏం మారుస్తదో, మళ్ళ ఎన్కకు తెచ్చుకునే దారి ఉన్నదో లేదో కింద ఒక వాక్యం రాయున్రి. సీహెచ్‌ఓన్ కమాండ్ ఎప్పుడిచ్చినా --ప్రిజర్వ్-రూట్ కలిపి ఇయ్యున్రి, అది ఉంటే ఆ పిల్లగాడు స్పేస్ కొట్టినా సిస్టమ్ ఒప్పుకోకపోవు. రాసేటోళ్ళు ముందు ఖాళీ మిషన్‌ల ఒకసారి కొట్టి చూసి పంపితే ఇంకా మంచిది, అచ్చయిన కాగితం చూసి కొట్టాలె, వాళ్ళ సొంత ఫైల్ చూసి గాదు, తేడా అక్కడనే పడుతున్నది.

దిద్దుబాటు మాత్రం అదే ఆదివారం పేజీల, అదే కాలమ్ కింద వెయ్యున్రి. లోపలి పేజీ మూలకు క్షమాపణ అని రెండు లైన్లు వేస్తే, ఆ కాలమ్ కత్తిరిచ్చి నోట్‌బుక్‌ల అతికిచ్చుకునే పిల్లలు అది చూడరు, మా దిక్కు హాస్టళ్ళల్ల అట్ల అతికిచ్చుకునేటోళ్ళు ఇంకా ఉన్నరు. కాలమ్ రాసే సార్‌కు గని మేడమ్‌కు గని దీని మీద ఏమన్న అనుమానం ఉంటే షాపుకు రావొచ్చు, అచ్చయిన కమాండ్ అట్లనే కొడితే ఏమైతదో పాత మిషన్ మీద చేసి చూపిస్త. సోమవారం బంద్ ఉంటది.

ఇట్లు
మీ పాఠకుడు, కంప్యూటర్ మెకానిక్
నల్లగొండ